మూసిన పిడికిలి

మా ఎల్మార్ మాస్టారిని పూడ్చిన రోజు మా కోరస్ పరువు పోయిందని ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటున్నారు. చెప్పుకోనీండి. అలా చెప్పుకునేవాళ్లలో ఒక్కరూ ఆ వరసలో నిలబడలేదు. నిలబడ్డదాన్ని నేను. నిజం చెప్పాలంటే పరువు పోయింది ఆ రోజు కాదు. అంతకు ఎన్నో ఏళ్ల ముందే ఒక్కొక్కరిదీ విడివిడిగా, ఒకరికి తెలియకుండా ఒకరిది పోయింది. ఆ రోజు అందరికీ ఒకేసారి తెలిసింది, అంతే.

నా పేరు మైము. చేపలకి పొగబెట్టే ఫ్యాక్టరీ మూతబడేదాకా అందులో చేశాను. తర్వాత రొట్టెల కొట్లో కౌంటర్ దగ్గర నిలబడ్డాను. కోరస్‌లో మాత్రం ముప్పై ఒక్క ఏళ్లున్నాను. ఎస్టోనియా పడమటి తీరంలో మాది చిన్న ఊరు. బడి, చర్చి, సంఘం హాలు, దేవదారు చెట్ల మధ్య శ్మశానం. శనివారం మధ్యాహ్నం మూడయ్యిందంటే ఎవరింట్లో ఏ పని ఉన్నా వదిలేసి హాలుకి పోవడం మాకు అలవాటు. పెళ్లయినా, పురుడైనా, సోవియట్ పార్టీ వాళ్ల ప్రభుత్వం పోయి మన ఎస్టోనియా ప్రభుత్వం వచ్చినా ఆ మూడింటికి మార్పు లేదు.

మాస్టారు బడిలో సంగీతం చెప్పేవారు. మాలో సగం మంది చిన్నప్పుడు ఆయన చేత తిట్లు తిన్నవాళ్లే. నలభై రెండేళ్లు ఆయనే మా చేత పాడించారు. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. మాట తక్కువ. ఆయన చెప్పదలుచుకున్నదంతా ఆ కుడిచెయ్యే చెప్పేది. అరచెయ్యి పైకి లేస్తే మా గొంతులు లేచేవి. వేళ్లు ముడుచుకుని పిడికిలి పడిందంటే పాట అక్కడికక్కడ ఆగిపోవాలి. ఎవరి గొంతైనా ఒక్క క్షణం వెనక పడితే ఆయన తిట్టేవారు కాదు. ఆ పిడికిలి అలాగే గాల్లో పెట్టి ఉంచేవారు, ఆ మనిషి మొహం ఎర్రబడేదాకా.

మాకు అది ఎంత పట్టేసిందంటే, ఒకసారి లెయిడా కూతురి పెళ్లిలో అందరం ఒకే బల్ల దగ్గర గోలగోలగా మాట్లాడుకుంటున్నాం. మాస్టారు మొహం మీదికొచ్చిన దోమని చేత్తో పట్టుకున్నారు. వేళ్లు ముడుచుకున్నాయి. ఇరవై మందిమీ మాట మధ్యలో ఠక్కున ఆగిపోయాం. పెళ్లికొడుకు తరఫువాళ్లు ఎవరో పోయారేమో అనుకుని లేచి నిలబడ్డారు. ఆ మాట తలుచుకుని ఏళ్ల తరబడి నవ్వుకున్నాం. ఇప్పుడు తలుచుకుంటే నవ్వు రాదు.

తొమ్మిదేళ్ల కిందట, ఫిబ్రవరి నెలలో, రిహార్సల్ అయ్యాక మాస్టారు నా పాటల ఫైలు తన చేతిలోకి తీసుకుని, మా ఇంటివైపే పని ఉంది, కలిసి నడుద్దాం అన్నారు. ఆయనకి మా ఇంటివైపు ఏ పనీ లేదని నాకు తెలుసు. అయినా పొంగిపోయాను. ఈస్టర్‌కి నా చేత ఒంటరిగా రెండు వరసలు పాడిస్తారేమోనని కూడా అనుకున్నాను. బుద్ధి తక్కువదాన్ని. మంచు మీద బూట్లు కిర్రుమంటున్నాయి. మా గేటు దగ్గరికి వచ్చాక ఆగారు.

"మైమూ, నీ గొంతు కిందికి జారుతోంది. పక్కవాళ్లని కూడా లాగేస్తోంది" అన్నారు.

మానేస్తాను మాస్టారూ అన్నాను. ఆ మాట గట్టిగానే అన్నాను.

"మానెయ్యమని నేననలేదు. నీ చోట్లో నువ్వు నిలబడు. మాటలు పెదాలతో చెప్పు. నోరు బాగా తెరవాలి, చూసేవాళ్లకి తేడా తెలియకూడదు. శబ్దం మాత్రం రానివ్వకు. ఇది నీకూ నాకూ మధ్యే ఉండాలి. బృందంలో ఇంకెవరికీ ఈ అవస్థ రాలేదు, కాబట్టి ఎవరికీ చెప్పకు."

ఫైలు నా చేతిలో పెట్టి వెనక్కి వెళ్లిపోయారు.

పొమ్మంటే బాగుండేది. నాలుగు రోజులు ఏడ్చి, ఇంకో నాలుగు రోజులు ఆయన్ని తిట్టుకుని, అల్లికల సంఘంలో చేరేదాన్ని. పొమ్మనలేదే. ఉండమన్నారు. ఉండకపోతే శనివారాలు ఏం చేసుకోవాలో నాకు తెలియదు. మా అమ్మ నేసిన చారల పావడా ఉంది, అది కోరస్‌కి తప్ప వేసుకోవడానికి వేరే చోటు లేదు. అందుకని ఉండిపోయాను. నోరు కదపడం నేర్చుకున్నాను. అద్దం ముందు నిలబడి నేర్చుకున్నాను. ఏ అక్షరానికి పెదాలు ఎంత గుండ్రంగా తిరగాలో, ఎక్కడ ఊపిరి తీసుకున్నట్టు భుజాలు లేవాలో, అన్నీ. పాడేవాళ్లకన్నా నాకే మాటలు బాగా వచ్చేవి. అలా తొమ్మిదేళ్లు.

ఇంట్లో కూడా కూనిరాగం మానేశాను. ఎక్కడ అలవాటు తప్పి హాల్లో గొంతు బయటపడుతుందోనని భయం. మా ఆయన వాంబోలా ఒకసారి అంట్లు తుడుస్తూ అడిగాడు, "ఏమే, ఉన్న గొంతంతా శనివారమే ఖర్చు పెట్టేస్తున్నావా, నాకు కాస్త మిగల్చవా" అని. తల నొప్పిగా ఉందన్నాను. నాలుగేళ్ల కిందట గుండెపోటుతో పోయాడు. అప్పటికి ఐదేళ్లుగా నేను పాడటం లేదని తెలియకుండానే పోయాడు. ఈ విషయంలో మాస్టారి మీద నాకున్న కోపం చిన్నదేమీ కాదు.

ఐదేళ్లకోసారి రాజధాని టల్లిన్‌లో జరిగే పాటల పండక్కి కూడా వెళ్లాను. అక్కడ మెట్లమెట్లుగా కట్టిన పెద్ద వేదిక మీద వేలమంది ఒకేసారి పాడతారు. ఆ సముద్రంలో నా గొంతు ఎవడికి వినపడుతుంది? మాస్టారు ఎక్కడో రెండొందల వరసల అవతల ఉన్నారు, నన్ను చూడను కూడా లేరు. వాన పడుతోంది. ఒక్కసారి పాడదామని నోట్లోదాకా వచ్చింది. పాడలేదు. మాటిచ్చాను కదా. నా చుట్టూ జనం పాడుతూ ఏడుస్తున్నారు, నేనూ ఏడ్చాను, వాళ్ల ఏడుపూ నా ఏడుపూ ఒకటేననుకుని పక్కావిడ నా చెయ్యి పట్టుకుంది.

ఇంకో సంగతి చెప్పాలి. ఏటా సెప్టెంబర్‌లో మాస్టారు మమ్మల్ని కొత్త వరసల్లో నిలబెట్టేవారు. నువ్విటు రా, నువ్వటు పో అని అరగంట సేపు జరిపేవారు. ఎందుకో చెప్పేవారు కాదు. మేమేమో ఎత్తు చూసి పెడుతున్నారని కొందరం, ఎవరికి ఎవరితో పడదో చూసి పెడుతున్నారని కొందరం వాదించుకునేవాళ్లం. నన్ను మాత్రం ప్రతి ఏడూ సల్మె పక్కనే పెట్టేవారు. సల్మెకి అప్పటికే డెబ్బై దాటాయి. సన్నటి గొంతు. ఉందో లేదో అన్నట్టుండేది. మా కింది స్వరం పాడే ఆడవాళ్లందరికీ ఆవిడంటే వేళాకోళం. చెడ్డవాళ్లని ఒక చోట పెట్టారులే అనుకుని నేను లోపల కుమిలిపోయేదాన్ని.

రానురాను కోరస్ పల్చబడింది. ఒక జంట ఫిన్లాండ్‌కి పనికి పోయారు. బాగా పాడే ఇద్దరు మగవాళ్లు ఒకే చలికాలంలో పోయారు. మాస్టారు పియానో గట్టిగా వాయించడం, మాతో పాటు తనూ గొంతెత్తి పాడటం మొదలుపెట్టారు. ఒకసారి పై స్వరం, ఒకసారి మగ స్వరం, ఎక్కడ సందు కనిపిస్తే అక్కడ. వయసొచ్చాక మనసు మెత్తబడిందని మేం అనుకున్నాం. కచేరీలకి వచ్చినవాళ్లు బాగుందనే అన్నారు.

పోయిన సెప్టెంబర్‌లో ఆయన పెరట్లో ఆపిల్ పళ్లు కోస్తూ నిచ్చెన దగ్గర పడిపోయారు. మెదడులో రక్తం గడ్డకట్టిందన్నారు. కుడివైపు పడిపోయింది, మాట పోయింది. జిల్లా ఆసుపత్రిలో పెట్టారు. ఆయన కూతురు రేత్, నలభై ఏళ్ల మనిషి, ఉద్యోగానికి సెలవు పెట్టి తార్తూ పట్నం నుంచి వచ్చి మంచం పక్కనే ఉండిపోయింది.

నేను అక్టోబర్ చివర్లో వెళ్లాను. చూడటానికి వెళ్లానని అందరికీ చెప్పాను. అది సగమే నిజం. ఆయన బతకరని ఊరంతా అనుకుంటోంది. ఆయన పోతే నా గొంతు సంగతి తెలిసిన మనిషే ఉండడు. ఇక జన్మంతా నోరు కదుపుతూ ఉండాలా, వద్దా, చెప్పేవాళ్లెవరు? ఆయన సమాధి దగ్గర మేం పాడతాం, అది ఖాయం. అప్పుడు పాడనా, వద్దా? బతికున్న మనిషిని ఆ మాట అడగడం ఎలా?

కారిడార్‌లో లెయిడా ఎదురొచ్చింది. లెయిడా అంటే మా పై స్వరానికి రాణి, నాకు చిన్నప్పటి నుంచి స్నేహితురాలు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఏమైందే అంటే ఏం లేదు, వెళ్లు, ఉన్నారు అని తొందరగా వెళ్లిపోయింది. లోపల నర్సు నవ్వుతూ అంది, "మీ పాటలవాళ్లు విచిత్రంగా ఉన్నారమ్మా. ఒక్కొక్కరే వస్తారు. వచ్చిన ప్రతి ఒక్కరూ తలుపేసుకుంటామంటారు." నేనూ ఆ మాటే అడగబోతున్నాను కాబట్టి నాకు సిగ్గేసింది.

రేత్‌ని టీ తాగి రమ్మని పంపి తలుపేశాను. ఆయన దిండు మీద ఇంతయిపోయి ఉన్నారు. కళ్లు మాత్రం పాతవే. నన్ను గుర్తుపట్టారు. కుర్చీ దగ్గరికి జరుపుకుని అన్నాను:

"మాస్టారూ, తొమ్మిదేళ్లయింది. మీ మాట తప్పలేదు. ఇంకోసారి నా గొంతు విని చూస్తారా? ఒక్క వరస. ఇప్పుడే, ఇక్కడే."

ఆయన నన్ను చూశారు. పెదాలు కదిలాయి. శబ్దం లేదు. నేను ఊపిరి తీసుకున్నాను, పాడేద్దామనే. అప్పుడు దుప్పటి మీదున్న ఆ కుడిచెయ్యి, పడిపోయిందన్న ఆ చెయ్యి, కొంచెం పైకి లేచింది. వేళ్లు మెల్లగా ఒకదాని తర్వాత ఒకటి ముడుచుకున్నాయి. పిడికిలి పడింది.

తీసుకున్న ఊపిరి అక్కడే ఆగిపోయింది. ముప్పై ఒక్క ఏళ్ల అలవాటు. లేచి, దుప్పటి సర్ది, వస్తాను మాస్టారూ అని వచ్చేశాను. బస్సులో కూర్చున్నాక కోపం వచ్చింది. చావబోతూ కూడా వదలడా ఈ మనిషి అనుకున్నాను. పాడైన గొంతు వింటే ఆయనకి ఆఖరి రోజుల్లో బాధేలే, ఆ మాత్రం హక్కు ఆయనకి ఉంది అని కూడా అనుకున్నాను.

నవంబర్ మధ్యలో ఆయన పోయారు.

రేత్ మమ్మల్నందరినీ హాలుకి పిలిచి ఒక కాగితం చదివింది. మాస్టారు ఎప్పుడో రాసి పెట్టుకున్నదట. టేపు పెట్టొద్దు, పట్నం నుంచి వేరే కోరస్‌ని పిలవొద్దు, నన్ను దింపుతుంటే నా వాళ్లే పాడాలి, పొద్దువాలే పాట పాడాలి, ఇంకేం వద్దు. అంతే ఉంది. పొద్దువాలే పాట అంటే పూర్వం మా ఊరి చర్చిలో గంట కొట్టే ముసలాయన కట్టినది. ప్రతి శనివారం రిహార్సల్ దాంతోనే ముగించేవాళ్లం. పాటలో మొదటి వరస కింది స్వరం ఆడవాళ్లది, అంటే మాది. రెండో వరసకి పై స్వరం కలుస్తుంది. మూడోదానికి మగవాళ్లు.

మాస్టారి బదులు చెయ్యి ఊపడానికి బడిలో కొత్తగా వచ్చిన సంగీతం టీచరు కిర్‌స్తి ఒప్పుకుంది. చిన్నపిల్ల, మంచిది. ఒక్కసారి రిహార్సల్ చేద్దామండీ, నేను మీ గొంతులు ఎప్పుడూ వినలేదు అంది. మేమంతా ఒంటికాలి మీద లేచాం. నలభై ఏళ్లుగా వారం వారం పాడుతున్న పాటకి మాకు రిహార్సలా అన్నాం. అందరికన్నా ముందు లెయిడా అంది, తర్వాత నేను. ప్రతిదానికీ పేచీ పెట్టుకునే మేం ఇరవై ఒక్క మందిమీ ఒకే మాట మీద నిలబడటం అదే మొదటిసారి. నా సంగతి నాకు తెలుసు. పియానో లేకుండా చిన్న గదిలో పాడితే నా దొంగతనం బయటపడుతుందని నా భయం. మిగతావాళ్లు ఎందుకొద్దన్నారో నేను ఆలోచించలేదు.

అంత్యక్రియల పొద్దున చారల పావడా ఇస్త్రీ చేసుకుంటూ నాలో నేను తెగ కొట్టుకున్నాను. ఆయనే లేరు, ఇప్పుడు నన్ను ఆపేదెవరు? పాడెయ్. కాదు, ఆయన చివరిగా నాకు చెప్పిందేమిటి? పిడికిలి. ఆయన ఆఖరి పాటని పాడు చేసిందాన్ని అవుతానా? ఇరవై మంది ఉన్నారు, చక్కగా పాడతారు, నేనొక్కదాన్నీ నోరు మూసుకుంటే పాటకేం నష్టం? ఇస్త్రీ అయ్యేసరికి తేల్చుకున్నాను. మాట నిలబెట్టుకుంటాను. ఇంత కాలం చేసింది ఇంకో నాలుగు నిమిషాలు చేస్తాను.

శ్మశానం గేటు నుంచి గోతిదాకా దేవదారు రెమ్మలు పరిచారు. నేల గడ్డకట్టింది. ఊరంతా వచ్చింది, పక్క ఊళ్ల కోరస్‌ల వాళ్లూ వచ్చారు. పెట్టెని తాళ్లతో దింపడానికి బలమైనవాళ్లు కావాలి కదా, మంద్రస్వరం పాడే ఊనో, అతని తమ్ముడు, ఇంకో ఇద్దరు తాళ్లు పట్టుకున్నారు. మేం గోతికి ఒక పక్క మూడు వరసల్లో నిలబడ్డాం. అంతకు ముందటి ఏడాది మాస్టారు పెట్టిన చోట్లలోనే నిలబడ్డాం. నా పక్కన సల్మె. గోతికి అవతల రేత్.

పాస్టర్ ప్రార్థన ముగించారు. కిర్‌స్తి శ్రుతి అందించింది. చెయ్యి ఎత్తింది. దించింది.

నేను నోరు తెరిచాను, ఆయన నేర్పినంత పెద్దగా.

ఒకే ఒక గొంతు వినిపించింది. సల్మెది. సన్నగా, నిటారుగా, ఎక్కడా వణక్కుండా. మా ఎనిమిది మంది ఆడవాళ్ల నోళ్లూ కదులుతున్నాయి, గొంతు ఆవిడదొక్కటే. ఏదో పొరపాటు జరిగింది, మిగతావాళ్లు ఆలస్యంగా అందుకుంటారు అనుకున్నాను. తాళ్లు చెక్కకి రాసుకుని కీచుమంటున్నాయి. పాట రెండో వరసకి వచ్చింది. పై స్వరం కలవాలి. నేను తల తిప్పి లెయిడాని చూశాను. నోరు ఎంత చక్కగా తెరుచుకుందో. అక్షరం అక్షరానికీ పెదాలు తిరుగుతున్నాయి, భుజాలు లేస్తున్నాయి. శబ్దం లేదు. ఆమె పక్కావిడా అంతే. ఆ పక్కావిడా అంతే. అద్దంలో నన్ను నేను చూసుకున్నట్టే ఉంది, వరస చివరిదాకా.

సల్మెకి తను ఒక్కతే పాడుతున్నానని అప్పుడు తెలిసింది. భయపడి ఆగిపోయింది.

కిర్‌స్తి చెయ్యి మాత్రం ఊగుతూనే ఉంది. పాపం, ఆపాలో సాగించాలో తెలియలేదు దానికి. ఇరవై ఒక్క మందిలో ఇద్దరు తాళ్ల దగ్గర ఉన్నారు, మిగిలిన పంతొమ్మిది మందిమీ నోళ్లు తెరుచుకుని నిలబడ్డాం. పెట్టె అడుక్కి తగిలిన చప్పుడు అందరికీ వినిపించింది. జనంలో గుసగుసలు మొదలయ్యాయి. రేత్ మా వైపు చూసింది. మేం కావాలనే ఇలా చేస్తున్నామని, వాళ్ల నాన్న మీద ఏదో పాత పగ ఇలా తీర్చుకుంటున్నామని ఆమె అనుకుందని మొహంలో తెలిసిపోతోంది.

"ఎందుకు పాడటం లేదు?" అంది. గట్టిగా కూడా అనలేదు. "నాన్న మిమ్మల్నే కదా అడిగింది."

నా లోపల ఏదో తెగింది. కోపమో, జాలో, సిగ్గో తెలియదు. మొదటి వరస నుంచి ఎత్తుకున్నాను. తొమ్మిదేళ్ల తర్వాత నా గొంతు నేను విన్నాను. అది నా గొంతు కాదు. బొంగురుగా, గాలి ఎక్కువ, శబ్దం తక్కువ, పైకి పోవాల్సిన చోట చీలిపోయింది. పాడి పాడి పాడైన గొంతు అలా ఉండదు. వాడకుండా వదిలేసిన గొంతు అలా ఉంటుంది. సల్మె నా చెయ్యి పట్టుకుని మళ్లీ అందుకుంది. తర్వాత లెయిడా. ఆమెది నాకన్నా ఘోరం. తర్వాత ఒక్కొక్కరూ. ఎవరికీ శ్రుతి దొరకలేదు, ఎవరికీ ఊపిరి చాలలేదు. ఊనో తాడు పట్టుకునే ఆయాసపడుతూ పాడాడు.

చాలా అసహ్యంగా పాడాం. బాగా పాడలేకపోయినా మనసుపెట్టి పాడాం అని ఒక మాట ఉంటుంది చూడండి, అలా కూడా కాదు. విన్నవాళ్లు నేల చూపులు చూశారు. ఆఖరి వరసదాకా పాడాం, అంతే. ఆపమని పిడికిలి చూపించేవాళ్లు లేక చివర్లో ఒక్కొక్కరి గొంతు ఒక్కోచోట రాలిపోయింది. తర్వాత అందరం మూడేసి గుప్పిళ్ల ఇసుక వేశాం. మగవాళ్లు గొయ్యి పూడ్చారు. సమాధి దగ్గర మన అడుగుల గుర్తులు ఉండకూడదని మా ఆచారం కదా, చుట్టూ ఇసుకని దంతెతో నున్నగా దువ్వి, వెనక్కి నడుస్తూ బయటికొచ్చాం.

హాల్లో కాఫీ, నల్లరొట్టె మీద చేపలు, బంగాళాదుంపల సలాడ్ పెట్టారు. పక్క ఊళ్లవాళ్లు త్వరత్వరగా తిని వెళ్లిపోయారు. మేం కోరస్ వాళ్లం ఒక మూల బల్ల దగ్గర మిగిలాం. ఎవరూ ఎవరి మొహం చూడటం లేదు. చివరికి లెయిడానే కదిలింది.

"నీకెప్పుడు చెప్పారే?" అంది.

"తొమ్మిదేళ్లయింది. నీకు?"

"ఆరు. ఇది నీ ఒక్కదానికే, ఇంకెవరికీ లేదు అన్నారు."

నాకూ అదే అన్నారు. బల్ల చుట్టూ ఒక్కొక్కరూ చెప్పుకొచ్చారు. ఒకరికి పన్నెండేళ్లు, ఒకరికి నాలుగు, ఒకరికి పోయిన క్రిస్మస్ ముందు. అందరి ఫైలూ మోశారు. అందరినీ గేటుదాకా దిగబెట్టారు. అందరికీ నువ్వొక్కదానివే, నువ్వొక్కడివే. వరసలు ఎందుకు మార్చేవారో అప్పుడు అర్థమైంది. పాడే మనిషి ఒకరు, ఆ పక్కా ఈ పక్కా పాడని వాళ్లు ఇద్దరు. పాడేవాళ్లు తగ్గేకొద్దీ ఆయన సర్దుకుంటూ వచ్చారు. ఆఖరికి సర్దడానికి సల్మె, ఊనో అన్నదమ్ములు, ఆయనా మిగిలారు. సల్మెని అడిగితే ఆవిడ బిక్కమొహం వేసింది. "నన్ను కూడా ఇంటిదాకా దిగబెట్టారమ్మా. ఏం జరిగినా నువ్వు మాత్రం ఆగకు అన్నారు. ఎందుకో నాకు తెలియదు. ఇవాళ ఆగిపోయాను" అని ఏడ్చింది. ముప్పై ఏళ్లు ఆవిడ మీద వేసిన జోకులన్నీ గుర్తొచ్చి నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆయన్ని తిట్టారు కొందరు. నేనూ తిట్టాను. పోయినవాళ్లని అనకూడదని తెలిసినా తిట్టాను. పొమ్మనడానికి ధైర్యం లేక ఇంతమంది గొంతులు నొక్కాడు అన్నాను. అప్పుడు లెయిడా కప్పు కింద పెట్టి, మెల్లగా అంది, ఆసుపత్రికి వెళ్లి అడిగానే, పాడనా మాస్టారూ అని, పిడికిలి మూసేశారు, అందుకే ఇవాళ పాడలేదు. నాకూ మూశారన్నాను. నాకూ అని ఇంకొకరు. నాకూ. నాకూ.

రేత్ కాఫీ కూజాతో మా వెనకే నిలబడి ఉందని ఎవరం చూడలేదు.

"ఆ చెయ్యా?" అంది. "ఆ చెయ్యి ఆయన మాట విననే లేదత్తా. పక్షవాతం వచ్చిన చెయ్యి అది. ఆవలించినా, దగ్గినా, మాట కోసం గింజుకున్నా దానంతటదే ముడుచుకుపోయేది. కడగాలంటే ఇద్దరు నర్సులు కలిసి వేళ్లు విప్పాల్సి వచ్చేది. గోళ్లు అరచేతిలో గుచ్చుకోకుండా గుడ్డ చుట్టి పెట్టేవాళ్లం. పెట్టెలో పెట్టేటప్పుడు కూడా తెరుచుకోలేదు, అలాగే పూడ్చాం."



"మీరొచ్చి వెళ్లిన ప్రతిసారీ ఏడ్చేవారు" అంది రేత్. "మీకేదో చెప్పాలని చాలా ప్రయత్నించారు. మాట రాలేదు, పెదాలే కదిలేవి. నాకు అర్థమయ్యేది కాదు. మీకైనా అర్థమైందా?"

మా అందరినీ ఒకరి తర్వాత ఒకర్ని చూసింది, ఎవరైనా చెబుతారేమోనని.

శబ్దం లేకుండా కదిలే పెదాలని చదవడం ఈ దేశంలో మాకన్నా ఎవరికి బాగా వచ్చు? తొమ్మిదేళ్లు నేను చేసింది శబ్దం లేకుండా పెదాలు కదపడమే. ఆ రోజు ఆ మంచం పక్కన ఆయన నాకు ఎదురుగా ఉన్నారు, పెదాలు కదిలాయి, నాకు గుర్తుంది, రెండుసార్లు కదిలాయి. నేను వాటిని చూడలేదు. చెయ్యి చూశాను.

అదే చెప్పాను రేత్‌కి. కూజా బల్ల మీద పెట్టి, ఆ పిల్ల నా పక్కన కుర్చీలో కూర్చుంది.